ఆ డెబ్భై రోజులు ఏ ఖాతాలో రాయాలి?

2024 మార్చి మొదటివారంలో ఒక సాయంత్రం మా అక్కయ్య ఫోన్ చేసి, "దాన్ని నీ దగ్గరుంచి చదివిస్తున్నది ఇందుకేనటే?" అంది. ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది. సంగతేమిటంటే, మా ఇంట్లో ఉండి డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న వాళ్లమ్మాయి ఇంటర్న్‌షిప్‌కి బ్యాంకూ కాదు, బడీ కాదు, మా పట్టణంలో ఎమ్మెల్యేకి పోటీ చేయబోతున్న ఒకాయన ఎన్నికల ఆఫీసు చూసుకుంది. ఆ ముక్క నాకు తెలిసి అప్పటికి గంట కూడా కాలేదు. స్టవ్ మీద పప్పు మాడుతున్నా ఫోన్ పెట్టలేక, "నే మాట్లాడతాలే అక్కయ్యా" అన్నాను.

నిజం చెప్పొద్దూ, నాకూ గుండె గుభేలుమంది. నా చిన్నప్పుడు, అంటే 2004 ఎన్నికలప్పుడు, మా వీధిలోకి ప్రచారం జీపొస్తే మేం ఆడపిల్లలం డాబా ఎక్కి పిట్టగోడ మీంచి చూసేవాళ్లం. గేటు దాకా వెళ్తే నాన్న కేకేసేవారు. మా అన్నయ్య మాత్రం జెండా పట్టుకుని ఆ జీపు వెనకే పోయి, రాత్రి పదకొండింటికి బిర్యానీ పొట్లంతో తిరిగొచ్చేవాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. "మగపిల్లాడు, నలుగురిలో తిరగాలి" అనేవారు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా, డిగ్రీ చదివి కథలు రాసుకునే నాకే "రాజకీయాల్లో ఆడపిల్లకేం పని?" అన్న మాట నోటి చివరిదాకా వచ్చింది. సిగ్గేసి మింగేశాను.

అసలు ఈ ఇంటర్న్‌షిప్‌ల గొడవేమిటో తెలియని తల్లులకోసం కాస్త చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యా సంవత్సరం నుంచి మూడేళ్ల డిగ్రీలో మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది సెలవుల్లో రెండు నెలలు, రెండో ఏడాది తర్వాత ఇంకో రెండు నెలలు, చివరికి ఒక సెమిస్టర్ మొత్తం. ఆలోచన మంచిదే. చదువు పుస్తకంలోంచి బజారులోకి రావాలన్నారు. కానీ చిన్న ఊళ్లలో అంతమంది పిల్లల్ని చేర్చుకునే ఆఫీసులేవీ? బీఏ పొలిటికల్ సైన్స్ పిల్లకి మందుల షాపులో పని దొరికితే అది ఏం నేర్చుకుంటుంది? ఆ లెక్కన ఎన్నికల ఆఫీసు దాని చదువుకి దగ్గరి చుట్టమే. అదే మాట నాతో అంది. "పిన్నీ, మూడేళ్లుగా రాజ్యాంగం, ఎన్నికల సంఘం అని బట్టీ పడుతున్నా. ఒక్కసారి దగ్గర్నుంచి చూడనీవా?"

కాదనలేకపోయాను. మా ఆయన "రాత్రి ఎనిమిదికల్లా ఇంట్లో ఉండాలి" అన్న షరతు పెట్టారు. ఆ షరతు మూడోరోజే గాలికి పోయింది, అది వేరే సంగతి.

మన కాలంలో ఎన్నికల ఆఫీసంటే షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, గోడ రాతల సున్నం డబ్బాలు. ఇప్పుడలా లేదు. 2013లో ప్రశాంత్ కిశోర్ బృందం చదువుకున్న కుర్రకారుని పోగేసి, 2014 లోక్‌సభ ఎన్నికలకి నరేంద్ర మోదీ ప్రచారానికి పనిచేసింది. తర్వాత ఐ-ప్యాక్ అయింది. 2019లో మన రాష్ట్రంలో వైఎస్సార్ కాంగ్రెస్‌కి పనిచేసింది. 2024 నాటికి ఇటూ అటూ కూడా ఇలాంటి సంస్థలే. పెద్ద నాయకుడికి పెద్ద సంస్థ, నియోజకవర్గం అభ్యర్థికి చిన్న సంస్థ. మా పిల్ల వెళ్లిన చోట కూడా ఒక కల్యాణమండపం పైఅంతస్తులో పదిహేను ల్యాప్‌టాప్‌లు, ఒక పెద్ద టీవీ, గోడ నిండా బూత్‌ల మ్యాపులు. పిల్లలంతా ఇరవై, ఇరవై రెండేళ్లవాళ్లు. నెలకి 8 వేలన్నారు. నోటిమాటే, కాగితమేం లేదు.

మొదటి వారం దానికి ఇచ్చిన పని ఓటర్ల జాబితా చదవడం. మూడు బూత్‌లు. బూత్‌కి సుమారు వెయ్యి పేర్లు. "బోరు కదే" అన్నాను. "కథల పుస్తకంలా ఉంది పిన్నీ" అంది. ఆ జాబితాలో ఆడవాళ్ల పేరు పక్కన తండ్రి పేరో భర్త పేరో ఉంటుంది. ఇంటి నంబరు, వయసు ఉంటాయి. వాటిని పట్టుకుని ఇంటింటికీ తిరిగితే ఆ ఇంటి సంసారమంతా బయటపడుతుందట. ఒక ఇంట్లో కొడుకు ముంబయి పోయి ఎనిమిదేళ్లయినా అతని ఓటు భద్రంగా ఉంది. అదే ఇంట్లో మూడేళ్ల కిందట కాపురానికొచ్చిన కోడలి పేరు లేదు. పెళ్లయిందని పుట్టింటి ఊళ్లో తీసేశారు, అత్తింటి ఊళ్లో ఎవరూ చేర్చలేదు. ఆ పిల్ల ఏ ఊరి మనిషో ప్రభుత్వానికే తెలీదు. అత్తగారేమో "ఓటుంటే ఎంత, లేకపోతే ఎంత, రేషన్ కార్డులో పేరెక్కితే చాలు" అందట.

ఇలాంటి కోడళ్లు ఆ మూడు బూత్‌లలోనే పాతికమందికి పైగా తేలారు. ఆశ్చర్యంగా లేదూ? మన రాష్ట్రంలో మగ ఓటర్లకంటే ఆడ ఓటర్లే ఎక్కువ. 2024లో నూటికి ఎనభైమందికి పైగా ఓటేశారు. ఆడవాళ్ల బారులు చూసి పేపర్లన్నీ మెచ్చుకున్నాయి. ఆ బారుల్లో నిలబడే వీలే లేనివాళ్లని ఎవరూ ఫొటో తీయలేదు. నిజానికి దీనికి మందు సులువు. ఇల్లు మారితే ఫారం 8 నింపాలి. పేరు పూర్తిగా పోతే ఫారం 6తో కొత్తగా చేరాలి. 2022 నుంచి ఏడాదికి నాలుగుసార్లు, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలని ప్రమాణంగా తీసుకుని పద్దెనిమిది నిండినవాళ్లని చేర్చుకుంటున్నారు. ఇది చదివే మీరు ఈపూటే మీ కోడలి పేరో, మీ సొంత పేరో చూసుకోండి. నేను చూసుకున్నాను. నా వయసు నాలుగేళ్లు ఎక్కువేశారు!

మా పిల్ల ఆ పాతికమంది పేర్లూ రాసి, సంబరంగా ఆఫీసులో ఇచ్చింది. అక్కడి ఇన్‌ఛార్జి కుర్రాడు చూసి, "వీళ్లు మనవాళ్లేనా కాదా ముందు తేల్చు. మనవాళ్లకే ఫారాలు నింపిద్దాం" అన్నాడట.

ఆ రాత్రి అది అన్నం సరిగ్గా తినలేదు. "పొలిటికల్ సైన్స్‌లో ఓటు హక్కు అని నేర్పారు పిన్నీ. ఇక్కడ ఓటు సరుకు అంటున్నారు" అంది. నేనేమీ అనలేదు. అదే ఒక దారి వెతుక్కుంది. మర్నాటి నుంచి ఉదయం ఏడింటికే బయల్దేరి, ఆఫీసు పని మొదలయ్యేలోపు ఇద్దరు ముగ్గురు కోడళ్ల ఫారాలు తన ఫోన్లోనే నింపి పంపేది. ఎటువాళ్లని అడగలేదు. ఏప్రిల్ మధ్యలో గడువు తీరేలోగా చాలామందివి పూర్తయ్యాయి. ఆ డెబ్భై రోజుల్లో అది చేసిన పనుల్లో నాకు ముద్దొచ్చింది ఇదొక్కటే. ఇది దాని లాగ్ బుక్కులో లేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. నేర్చుకున్నది తక్కువేం కాదు. ఇంట్లో నోరు విప్పని పిల్ల నలభైమంది డ్వాక్రా మహిళల ముందు నిలబడి మాట్లాడింది. వాళ్లు తిరిగి "మా కాల్వ పూడిక సంగతేంటమ్మా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలీక నిలబడిపోయింది, అదీ చదువే. నామినేషన్ ఎలా వేస్తారో, అఫిడవిట్‌లో ఏముంటుందో, పోలింగ్ కేంద్రానికి 200 మీటర్ల అవతలే ఎందుకు బల్ల వేసుకోవాలో మా ఇంట్లో అందరికీ పాఠం చెప్పింది. మా ఆయన ముప్ఫై ఏళ్లుగా పేపరు చదువుతున్నారు, ఇవేవీ ఆయనకి తెలీవు. ఏప్రిల్ ఎండలో తిరిగి ముఖం నల్లబడింది గానీ మాటలో ఒక దిట్టతనం వచ్చింది.

అయితే ఆ ఆఫీసులో కూడా మన వంటింటి పంపకమే. వ్యూహం మగపిల్లలది. ఫోన్లు చేయడం, పేర్లు ఎక్కించడం, అభ్యర్థి వచ్చినప్పుడు హారతి పళ్లెం పట్టడం ఆడపిల్లలది. "మీ గొంతయితే ఆడవాళ్లు ఫోన్ పెట్టేయరు" అన్నారట.

ఏప్రిల్ నెలాఖరుకి ఇంకో తలనొప్పి మొదలైంది. అభ్యర్థి వెంట తిరిగే అనుచరుడొకడు రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో పలకరింపులు. "తిన్నావా", "ఫొటో డీపీలో బాగున్నావు" ఇలాంటివి. ఆడపిల్లలున్న ఇళ్లలో ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. ఆఫీసులో చెబితే, "ఎన్నికలయ్యాక చూద్దాం, ఇప్పుడు ఆయన్ని కదిలిస్తే రెండు వార్డులు పోతాయి" అన్నారు. చూశారా, ఒక పిల్ల పరువుకీ రెండు వార్డులకీ తూకం వేశారు!

ఎవరికి ఫిర్యాదు చేయాలి? పనిచేసేచోట లైంగిక వేధింపుల మీద 2013లో చట్టం వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. జీతం ఉన్నా లేకపోయినా, శిక్షణకి వచ్చినవాళ్లయినా ఆ చట్టం కిందికి వస్తారు. అంతవరకు బాగానే ఉంది. కానీ రాజకీయ పార్టీకీ కార్యకర్తకీ మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం లేదు కాబట్టి పార్టీలు కమిటీ పెట్టనక్కర్లేదని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. దానిమీద పార్టీలని కూడా చట్టం కిందికి తెమ్మని అడిగితే 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అంటే అదే పిల్ల ఏదైనా కంపెనీలో ఇంటర్న్‌గా చేరితే చట్టం తోడుంటుంది, పార్టీ ఆఫీసు మెట్లెక్కితే ఉండదు. కాబట్టి ఉత్తరం ఎవరి పేరున ఇచ్చారన్నది చాలా ముఖ్యం. కన్సల్టెన్సీ సంస్థ పేరుతో ఇస్తే అది యజమాని, జవాబు చెప్పాలి. పార్టీ పేరుతో అయితే అడిగే దారి సన్నగిల్లుతుంది. ఏ ఉత్తరమూ లేని మా పిల్లకి రెండూ లేవు. చివరికి మా ఆయన వెళ్లి ఆ అనుచరుడి ఎదురుగా పది నిమిషాలు కూర్చుని వచ్చారు. ఏం మాట్లాడారో చెప్పలేదు. మెసేజ్‌లు ఆగాయి. ఇంట్లో అలాంటి మనిషి లేని పిల్ల ఏం చేయాలి?

మే నెల మొదటివారం. ఒక రాత్రి అది తయారుచేసిన జాబితాలే ప్రింటు తీసి బల్లమీద పెట్టారు. పేర్ల పక్కన మూడు గుర్తులు. మనవాళ్లు, అటువాళ్లు, ఊగేవాళ్లు. ఆ గుర్తులు తానే పెట్టింది, ఇంటింటికీ తిరిగి, మంచినీళ్లిచ్చిన చేతుల పక్కన కూర్చుని. ఇప్పుడు ఊగేవాళ్ల పేర్ల పక్కన ఇంకెవరో పెన్సిల్‌తో అంకెలు వేశారు. ఎంతమంది, ఎంత. అది ఏమిటో అడగనక్కర్లేకపోయింది.

డబ్బిచ్చి ఓటడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి. శిక్షాస్మృతి ప్రకారం ఏడాది దాకా జైలు. అప్పట్లో ఐపీసీ 171ఇ, 2024 జులై ఒకటి నుంచి భారతీయ న్యాయ సంహిత 173. ఇచ్చినవాడిదే కాదు, పుచ్చుకున్నవాడిదీ తప్పే. మరి లెక్క రాసి పెట్టిన ఇరవై ఏళ్ల పిల్ల సంగతేమిటి? "నాకు తెలీదు" అంటే ఎవరు నమ్ముతారు? ఓటర్ల సమాచారం పార్టీల యాప్‌ల్లోకి ఎలా చేరిందని 2019 మార్చిలో హైదరాబాద్‌లో పోలీసు కేసు దాకా వెళ్లిన గొడవ మనకి గుర్తుండే ఉంటుంది. ఫోన్ నంబరు, కులం, ఎవరికి వేస్తారో, ఇవన్నీ మా పిల్లే తన లాగిన్‌తో ఎక్కించింది. రేపు ఎవరైనా తవ్వితే ముందు కనబడేది ఆ లాగిన్ పేరే.

"ఇంక నేను వెళ్లను పిన్నీ" అంది. ఒకరకంగా చట్టమే దారి చూపించింది. పోలింగ్‌కి 48 గంటల ముందు, అంటే మే 11 సాయంత్రానికి ప్రచారం ఆగిపోవాలి. బయటి నియోజకవర్గం నుంచి తెచ్చిన ప్రచారకర్తలు, అక్కడ ఓటు లేనివాళ్లు వెళ్లిపోవాలి. దాని ఓటు మా అక్కయ్య ఊళ్లో ఉంది. పోలింగ్ రోజు బల్ల దగ్గర కూర్చుని స్లిప్పులు ఇమ్మని ఆఫీసువాళ్లు అడిగితే, ఆ నిబంధన వాళ్లకే చదివి వినిపించి బస్సెక్కింది. మే 13న అమ్మ పక్కన నిలబడి ఓటేసింది. ఎవరికి వేసిందో నేనడగలేదు.

ఇక డబ్బు సంగతి. ఒక నెల 8 వేలిచ్చారు. మిగతాది ఇవ్వలేదు. అభ్యర్థి ఓడిపోయారో గెలిచారో చెబితే ఎవరో పోల్చుకుంటారు, వద్దు. ఎలాగైనా ఆ మండపం జూన్ 5కల్లా ఖాళీ.

నేను గృహిణిని. లెక్కలోకి రాని పనంటే ఏమిటో నాకొకరు చెప్పక్కర్లేదు. అందుకే కూర్చుని ఈ ఎన్నికల లెక్కలు చదివాను. శాసనసభ అభ్యర్థి మన రాష్ట్రంలో 40 లక్షలకి మించి ఖర్చు పెట్టకూడదు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పజెప్పాలి. టీకి ఇంత, టిఫిన్‌కి ఇంత, కుర్చీ అద్దె ఇంత అని ప్రతి జిల్లాలో అధికారులు రేట్లు కడతారు. ఆ లెక్కలో ప్రచారకర్తల ఖర్చుకి కూడా ఒక గడి ఉంటుంది. కానీ లెక్క మొదలయ్యేది నామినేషన్ వేసిన రోజు నుంచి. 2024లో నామినేషన్లు ఏప్రిల్ 18 నుంచి 25 దాకా. మా పిల్ల చేరింది మార్చి మొదట్లో. అంటే డెబ్భై రోజుల్లో సగానికి పైగా చట్టం దృష్టిలో ఎన్నికలే కావు. మిగిలిన రోజులకి జీతమివ్వలేదు కాబట్టి ఖర్చూ లేదు. అది తాగిన టీకి రేటుంది. అది చేసిన పనికి లేదు.

కాలేజీలో ఇంకో చిత్రం. లెక్చరర్‌గారు మంచివారే, భయస్తులు. "రాజకీయ పార్టీ అని రాయకమ్మా, సర్వే సంస్థలో డేటా పని అని రాయి" అన్నారు. మంచి మార్కులే వేశారు. అలా కాలేజీ ఖాతాలోనూ అది ఎన్నికల పని కాకుండా పోయింది. ఇంట్లోనూ అంతే. చుట్టాలు అడిగితే అక్కయ్య "కంప్యూటర్ ట్రైనింగ్‌కి వెళ్లిందండీ" అని చెప్పేది.

పద్ధతిగా చేయడం మనవాళ్లకి చేతకాక కాదు. పార్లమెంటు సభ్యుల దగ్గర సహాయకులుగా పనిచేయడానికి పీఆర్ఎస్ అనే సంస్థ 2010 నుంచి పాతికేళ్లలోపు పట్టభద్రుల్ని ఎంపిక చేస్తోంది. దరఖాస్తు ఉంది, ఎంపిక ఉంది, నెలనెలా భృతి ఉంది. ఢిల్లీలో ఉన్న పద్ధతి మన వార్డు దాకా రాదేం? ఎన్నికల ప్రచారంలో పిల్లల్ని వాడొద్దని 2024 ఫిబ్రవరిలో ఎన్నికల సంఘం గట్టిగా చెప్పింది. సంతోషం. పద్దెనిమిది దాటి ఉద్యోగం రాని వయసులో ఉన్నవాళ్ల గురించి మాత్రం ఎవరికీ పట్టలేదు. కాలేజీలు ముఖం తిప్పుకోకుండా, ఎవరి దగ్గర, ఏ పని, ఎన్ని గంటలు, రాత్రి ఇంటికి చేర్చేదెవరు, కష్టమొస్తే ఎవరికి చెప్పాలి అని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటే సగం తంటా తీరుతుంది. మిగతా సగం తల్లులం మనం అడగాలి. బడిలో చేర్చేటప్పుడు బస్సు ఎక్కడాగుతుందో పదిసార్లు అడిగేవాళ్లం, ఇక్కడ నోరెందుకు పడిపోతుంది?

"అందుకే పంపొద్దన్నాను" అంటుంది అక్కయ్య ఇప్పటికీ. అక్కడ నాకూ ఆవిడకీ పడదు. 2024లో గెలిచిన 175 మంది ఎమ్మెల్యేల్లో ఆడవాళ్లు అయిదో వంతు లేరు. తెలంగాణలో 2023లో 119కి పదిమందే. కానీ మన పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లో సగం సీట్లు ఆడవాళ్లవే. 2021లో గెలిచినవాళ్ల ఐదేళ్ల గడువు 2026తో సరి. ఆ సీట్లలో ఎంతమంది పేరుకి తాము, పెత్తనానికి భర్తలో మీ ఊరు చూస్తే మీకే తెలుస్తుంది. వాళ్లని తప్పు పట్టలేను. వాళ్లనెవరూ డాబా మీంచి కిందికి దిగనివ్వలేదు. ఓటర్ల జాబితా చదవడం, కాల్వ పూడిక ఎవరిని అడగాలో తెలుసుకోవడం, నలభైమంది ముందు నోరు విప్పడం, ఇవి భర్త దగ్గర నేర్చుకునే విద్యలు కావు. మా పిల్లకి ఇప్పుడు ఇరవై ఒకటి దాటింది. వార్డుకి పోటీ చేయడానికి ఆ వయసు చాలు. చేస్తుందని కాదు, ఇప్పుడు బ్యాంకు పరీక్షలకి చదువుతోంది. చేయాలనుకుంటే ఎక్కడ మొదలెట్టాలో దానికి తెలుసు. నాకు తెలీదు.

మొన్నామధ్య ఆ పాత ఆఫీసు ఇన్‌ఛార్జి దగ్గర్నుంచి దానికి ఫోనొచ్చింది. "లోకల్ ఎన్నికల పని మొదలవుతుంది, ఆడవాళ్ల ఫోన్ కాల్స్ నువ్వే చూడాలమ్మా, నీలాగా ఎవరూ చేయలేదు" అన్నాడట. అది స్పీకర్ ఆన్ చేసి మా ముందే మాట్లాడింది. "సరే అన్నయ్యా. ఉత్తరం ఎవరి పేరు మీదిస్తారు? పాత బాకీ పదివేలకి పైనే ఉంది, అది ఎప్పుడిస్తారు? కమిటీలో ఎవరుంటారు?"

"కనుక్కుని చెప్తానమ్మా" అన్నాడు. నెలయింది. ఇంకా కనుక్కుంటూనే ఉన్నట్టున్నాడు.